మా వీధి గుంటడే కదా

నిన్న పర్లాకిమిడిలో మా చర్చిలో వాక్యం చెప్పడానికి లేచినవాడు మా వీధివాడే. చిన్నప్పుడు మా పెరట్లో జామకాయలు కోసేసి నా చేత తిట్లు తిన్న గుంటడు. "వీడా!" అనుకుని ఫోన్ తీశాను.

వాడు తీసింది బైబిల్లో మార్కు సువార్త 6వ అధ్యాయం. యేసు సొంతూరైన నజరేతువాళ్లు ఆయన్ని చూసి, ఈయన వడ్రంగే కదా, చెల్లెళ్లు ఇక్కడే ఉన్నారు కదా అని తీసిపారేసిన చోటు. కొద్దిమంది రోగుల్ని బాగుచేయడం తప్ప ఆయన అక్కడ ఇంకే అద్భుతమూ చేయలేకపోయాడు. వాళ్ల అవిశ్వాసానికి ఆయనే ఆశ్చర్యపోయాడు.

ఫోన్ జేబులో పెట్టేశాను. 40 ఏళ్లుగా ఈ కథ వింటూ నజరేతువాళ్లని తిట్టుకున్నది నేనే. (ఏ పేజీలో ఉందో చూడకుండా చెప్పగలను, అదో గొప్ప.)

బయటికొచ్చాక "ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు.

"పర్లేదురా" అన్నాను. జామకాయల సంగతి మాత్రం ఎత్తలేదు.