మెగ్నీషియం-నికెల్ పౌడర్: మిల్లు ఎప్పుడు ఆపాలి?

మెగ్నీషియం, నికెల్ 2:1 పాళ్లలో (బరువు కాదు, పరమాణువుల లెక్కన) ఉంటే హైడ్రోజన్ నిల్వకు పనికొస్తుంది. బరువులో 3.6 శాతం దాకా పట్టుకుంటుంది. కాకపోతే వదలాలంటే 250 డిగ్రీల పైమాటే. బ్యాటరీ ఎలక్ట్రోడ్ గది వేడిలోనే హైడ్రోజన్ పట్టి వదలాలి కాబట్టి అక్కడ 1:1 పాళ్లలో, స్ఫటిక రూపం లేని పౌడర్ కావాలి. దీన్ని మామూలుగా కరిగించి పోస్తే రాదు, చల్లారేసరికి వేరే రెండు సమ్మేళనాలుగా విడిపోతుంది. అందుకే బాల్ మిల్లు, అంటే డబ్బాలో బంతులతో పాటు తిప్పి పౌడర్‌ను నూరే యంత్రం.

10 గ్రాములకు మెగ్నీషియం 2.93, నికెల్ 7.07 గ్రాములు తూచండి. స్టీలు బంతులు 200 గ్రాములు. తూకం, నింపడం, మూత బిగించడం అన్నీ ఆర్గాన్ నింపిన గ్లోవ్ బాక్స్‌లోనే (గాలి చొరబడకుండా, చేతి తొడుగుల్లోంచి పనిచేసే పెట్టె). అరగంట తిప్పి, పావుగంట ఆపి చల్లారనివ్వండి. వేడెక్కితే మెత్తటి మెగ్నీషియం గోడలకు అట్టలా అంటుకుంటుంది, మిగిలిన పౌడర్‌లో పాళ్లు తప్పుతాయి. స్టియరిక్ యాసిడ్ (మైనం లాంటి కొవ్వు ఆమ్లం) వేస్తే అంటుకోదు గానీ కార్బన్, ఆక్సిజన్ చేరతాయి. ఎలక్ట్రోడ్ కోసమైతే వేయకపోవడమే మేలు. మధ్యలో గ్లోవ్ బాక్స్‌లో తెరిచి గీకి మళ్లీ తిప్పండి.

ఎన్ని గంటలన్నది మిల్లును బట్టి ఉంటుంది, గడియారాన్ని నమ్మొద్దు. ఎక్స్‌రే గ్రాఫ్‌లో (రాగి ట్యూబుతో) 44.5 డిగ్రీల కోణం దగ్గరి నికెల్ శిఖరం పోయి, వెడల్పాటి దిబ్బ మిగలాలి. ఇక్కడో తిరకాసు. బంతుల నుంచి రాలిన ఇనుము కూడా 44.7 దగ్గరే కనిపిస్తుంది. నికెల్ ఇంకా ఉందనుకుని తిప్పుతూ పోతే ఇనుమే పెరుగుతుంది. 51.8 దగ్గర చూడండి. అక్కడ నికెల్‌కు శిఖరం ఉంటుంది, ఇనుముకు ఉండదు.

ఒక్కసారిగా గాలికి తెరిస్తే పౌడర్ భగ్గుమనొచ్చు. అంటుకుంటే నీళ్లు పోయొద్దు, పొడి ఇసుక కప్పండి.

ఎలక్ట్రోడ్‌కు ఒక పాలు పౌడర్, మూడు పాళ్లు రాగి పొడి కలిపి బిళ్ల నొక్కి, 6 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో పెడతారు. మొదటి డిశ్చార్జ్ గ్రాముకు 400 మిల్లీ ఆంపియర్-గంటలు దాటొచ్చు. ఆ అంకె చూసి మురిసిపోవద్దు, అది రాగిని లెక్కలోంచి తీసేసి చెప్పేది. పైగా పది ఇరవై సైకిళ్లలో సగానికి పడిపోతుంది. క్షారంలో రేణువు పైన మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొర కడుతుంది, ఛార్జింగ్‌లో రేణువు పగిలిన చోటల్లా కొత్త లోహం బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. మెగ్నీషియంలో కొంత తీసి టైటానియం గానీ అల్యూమినియం గానీ వేస్తే ఈ పతనం నెమ్మదిస్తుంది, మొదటి కెపాసిటీ కాస్త తగ్గినా.