నాన్న రాత్రి మాత్ర

రాయగడ ఇంటికొచ్చాను. అన్నం తింటూ నాన్న 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ మాత్ర వేసుకుని, పెద్ద గ్లాసుడు నీళ్లు తాగారు. నాలుగేళ్లుగా ఇదే.

ఆయన రక్త క్యాన్సర్‌ను నడిపే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్‌లో, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు కూర్చునే గుంటలోకి ఈ మందు దూరుతుంది. బీసీఆర్-ఏబీఎల్ ఒక కైనేజ్, అంటే వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్. అలాంటి గుంటలున్న కైనేజ్‌లు మన ఒంట్లో ఐదొందల పైమాటే! పనిచేసేటప్పుడు అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పని ఆపినప్పుడే ఆకారాలు వేరవుతాయి; ఇమాటినిబ్ పట్టుకునేది బీసీఆర్-ఏబీఎల్ పని ఆపినప్పటి ఆకారాన్నే. (కిట్ అనే కైనేజ్ లాంటి మరికొన్నిటినీ తాకుతుందనుకోండి.) బీసీఆర్-ఏబీఎల్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ అనే మరొకటి వస్తే మాత్రం పట్టు జారిపోతుంది. నాకున్న భయమంతా అదే. ల్యాబ్‌లో రోజూ తెరమీద తిప్పితిప్పి చూసేదీ ఆ చోటునే.

"ఏటమ్మా, అన్నం చల్లారిపోతంది, తిను" అన్నారు నాన్న, ఖాళీ స్ట్రిప్ మడుస్తూ.