ఉల్టా తిరిగిన మిక్సీ

ఆదివారం, రాత్రి పదిన్నర

గోళ్ల సందుల్లో నల్లటి మసి ఇంకా పోలేదు. గిన్నెల సబ్బుతో ఒకసారి, శనగపిండితో ఒకసారి రుద్దాను. కార్బన్ మసి అంత తొందరగా వదలదు. రేపు ఆఫీసులో ఎవరో ఒకరు నా చేతుల వంక చూసి, "మళ్లీ ఏం విప్పారు సార్?" అంటారు. చెప్పుకోవటానికి ఈసారి కొంచెం సిగ్గుగానే ఉంది.

పొద్దున ఎనిమిది దాటి ఉంటుంది. వంటింట్లో మిక్సీ మోత ఉన్నట్టుండి తెగిపోయింది. ఆగటంలోనూ రకాలుంటాయి. బరువెక్కువై ఆగే మిక్సీ ముందు గొంతు బొంగురుపోయి, మూలిగి, మాడు వాసన కొట్టి ఆగుతుంది. కింద ఎర్ర బొత్తాం తన్నుకుని బయటికొస్తుంది. ఇది అలా కాదు. కరెంటు పోయినట్టే ఆగింది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. నేను పేపరు మడిచేలోపే మా ఆవిడ కేక: "ఏవండీ, మీకు పని తగిలింది."

జారులో పెసలు సగం నలిగి ఉన్నాయి. అమ్మ స్టూలు మీద కూర్చుని, ఇల్లు మారేటప్పుడు రోలు వదిలేసి వద్దామన్నది ఎవరో మరోసారి గుర్తు చేసింది. నేనే.

ఎర్ర బొత్తాం చూశాను, లోపలే ఉంది. ప్లగ్గులో టెస్టర్ పెడితే వెలిగింది. వెలిగినంత మాత్రాన నమ్మకూడదు. కరెంటు వచ్చే ఫేజు ఉందని టెస్టర్ చెబుతుంది గానీ, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగిపోయి ఉన్నా ఆ సంగతి దానికి పట్టదు. నాన్న దాన్ని చిలక జోస్యం అంటారు. ఆయన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో టీవీల వైపు పనిచేసి రిటైరయ్యారు. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు గారు మొదలుపెట్టిన ఆ సంస్థ చలవ వల్లే మా పేటలన్నీ పుట్టాయి. ఒకప్పుడు వీధికి ఆ సంస్థ చేసిన ఈసీ టీవీ ఒకటి ఉండేది, దాన్ని విప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఉండేవారు. ఇప్పుడు ఆయనకి 78. వినికిడి తగ్గింది, చెయ్యి కొంచెం వణుకుతుంది. స్క్రూడ్రైవర్ నాకిచ్చేసి తాను కుర్చీ ఉంచుకున్నారు.

సజ్జ మీంచి సిరీస్ బోర్డు దింపాను. చెక్క ముక్క మీద ఒక హోల్డరు, ఒక సాకెట్టు, మధ్యలో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు. అనుమానం ఉన్న వస్తువుకి కరెంటు ఈ బల్బులోంచే వెళ్లాలి. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు పోదు, ఇల్లు చీకటవదు. ఎక్కడైనా తెగిపోయి ఉంటే బల్బు అసలు వెలగదు. మల్టీమీటర్ కొన్నాక కూడా నేను ముందు దీన్నే దింపుతాను. ఎల్ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. అందుకని రెండు ఫిలమెంట్ బల్బులు పేపర్లో చుట్టి దాచుకున్నాను. మా ఆవిడ బంగారం కూడా అంత భద్రంగా ఉండదు.

మిక్సీ పెట్టి ఒకటి, రెండు, మూడు తిప్పాను. వెనక్కి తిప్పి పల్స్ కూడా చూశాను. బల్బు మినుకు కూడా అనలేదు. వైరు మొదట్లో, చివర్లో వంచి చూశాను, అదే మౌనం. అన్ని స్పీడులకీ ఒకేసారి పోయిందంటే, అన్నీ కలిసి నడిచే దారిలో ఎక్కడో తెగింది. అప్పటికే నాకు సగం తెలిసిపోయింది. ఆ సగం తెలియటమే తర్వాత కొంప ముంచింది.

అడుగున నాలుగు స్క్రూలు. రెండు కనిపిస్తాయి, రెండు రబ్బరు కాళ్ల కింద దాక్కుంటాయి. మూత తియ్యగానే మన వంటిల్లు మొత్తం వాసనొచ్చింది. పసుపు, ఇంగువ, ఎప్పటిదో దోసెల పిండి అట్టకట్టింది. మోటారుకి రెండు వైపులా రెండు ఇత్తడి గూళ్లు, వాటిలో కార్బన్ బ్రష్‌లు. ఎడమ పక్కది ఇంకా వేలి కణుపంత ఉంది. కుడిది అరిగి అరిగి కందిగింజంత మిగిలింది. వెనకున్న స్ప్రింగు సాగగలిగినంత సాగి, ఇక అందలేక ఆగిపోయింది.

ఫ్యాను మోటారుకీ దీనికీ తేడా ఇక్కడే. ఫ్యాన్లో తిరిగే భాగానికి తీగల్లోంచి కరెంటు అందించక్కర్లేదు. మిక్సీలో అందించాలి. ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి 18,000 చుట్ల దాకా వెళ్లే ఇరుసుకి కరెంటు ఎలా అందించడం? రాగి ముక్కలు పేర్చిన కంఠం లాంటి కమ్యుటేటర్‌ని రెండు బొగ్గు ముక్కలు రెండు పక్కలా ఒరుసుకుంటూ ఉండాలి. రాగి అరగకుండా బొగ్గు అరగాలి. జత ముప్పయ్యో నలభయ్యో రూపాయలు. అరిగిపోవటానికే పుట్టిన వస్తువు.

ఆ ముప్పై రూపాయల వస్తువు ఆదివారం పొద్దున తొమ్మిదికి దొరకదు. కోఠీ గుజరాతీ గల్లీకి పరిగెత్తినా లాభం లేదు, నాకు తెలిసిన కొట్లకి ఆదివారం సెలవు. మళ్లీ సజ్జ ఎక్కాను. అక్కడ మా పాత మిక్సీ ఉంది, వైండింగ్ కాలిపోయి ఆరేళ్లు. "ఆ శవాన్ని ఎందుకు దాచారు?" అని ప్రతి దసరాకీ అడుగుతుంది మా ఆవిడ. ఇవాళ సమాధానం చెప్పే అవకాశం వచ్చింది గానీ, స్టూలు ఆవిడే పట్టుకుని ఉండటంతో ఊరుకున్నాను.

పాతదాని బ్రష్‌లు వెంట్రుకవాసి లావు. ఉప్పు కాగితం బల్ల మీద పరిచి, బ్రష్‌ని నిలువుగా పట్టుకుని ఒక్కో పక్కా నాలుగు రుద్దులు. గూట్లో పెట్టి చూడటం, మళ్లీ రుద్దటం. వేలితో నొక్కి వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి. బిగుసుకుంటే లోపలే ఇరుక్కుపోతుంది, వదులైతే కొట్టుకుంటుంది. కొస కూడా రాగి గుండ్రానికి సరిపోవాలి. అందుకని ఉప్పు కాగితం ముక్కని కమ్యుటేటర్‌కి గరుకు బయటికొచ్చేలా చుట్టి, చేత్తో ఇరుసుని తిప్పుతూ ఉండాలి. రాగి మీద మసిని కూడా దాంతోనే తీశాను. "ఎమరీ పేపరు వద్దు," అన్నారు నాన్న కుర్చీలోంచి. ఎమరీ రవ్వలు రాగిలో దిగబడి కొత్త బ్రష్‌ని కోసేస్తాయని ఆయన పట్టింపు. రాగి ముక్కల మధ్య గాడుల్లో ఇరుక్కున్న మసిని పళ్లపుల్లతో గీకాను. ఈ మసి ఇప్పుడు నా గోళ్లలో ఉన్నది.

బ్రష్ గూళ్ల తీగలు రెండూ తెల్లవే. ఎప్పుడూ విప్పేముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకుంటాను. ఇవాళ ఫోను చిన్నదాని చేతిలో ఉంది, కార్టూన్ నడుస్తోంది, లాక్కుంటే ఇంకో గొడవ. రెండు తీగలే కదా అనుకున్నాను.

బిగించి, సిరీస్ బోర్డులో పెడితే బల్బు వెలిగింది. ఇక ధైర్యంగా గోడ ప్లగ్గులో పెట్టి, ఖాళీ జారు ఎక్కించి ఒకటికి తిప్పాను. తిరిగింది! మా ఆవిడ వంక చూశాను కూడా. అంతలో జారు కింద కరకరమని శబ్దం, జారు నా అరచేతిని పైకి తోస్తోంది. ఆపి తీసి చూస్తే, ఇరుసు కొసన ఉండి జారుని తిప్పే కప్లర్ ఊడి వచ్చేసింది. సరిగా బిగించలేదేమో అనుకుని బిగించాను. మళ్లీ అదే. ఈసారి కప్లర్ లోపలి స్క్రూ మర అరిగిపోయిందేమో అని పరీక్షగా చూశాను. నిక్షేపంలా ఉంది. మూడోసారి ఇంకా గట్టిగా బిగించబోతుంటే నాన్న పేపరు దించారు.

"ఒరేయ్, అది ఎటు తిరుగుతోందో చూశావా?"

చూడలేదు. జారు లేకుండా ఒక్క క్షణం తిప్పి చూస్తే, ఇరుసు ఉల్టా తిరుగుతోంది. కప్లర్ మరని మోటారు తిరిగే కొద్దీ బిగుసుకునేలా చేస్తారు. అందుకే ఊడదీసేటప్పుడు మామూలు మరకి వ్యతిరేకంగా తిప్పాలి. ఉల్టా తిరిగితే పాపం అది ఏం చేస్తుంది, విప్పుకుంటూ పైకొస్తుంది. నేను రెండు తీగలూ అటుదిటు తగిలించాను. ప్లగ్గు అటూ ఇటూ మార్చి గుచ్చితే ఈ మోటారు దిక్కు మారదు, ఎందుకంటే బయటి చుట్టలోనూ లోపలి చుట్టలోనూ కరెంటు ఒకేసారి తిరగబడుతుంది. బ్రష్ తీగలు మార్చితే లోపలిది ఒక్కటే తిరగబడుతుంది. దిక్కు మారిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. ఇంజనీరింగ్ మూడో సెమిస్టర్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"మీకు ముందే తెలుసా?"

"నువ్వు తీగలు పీకుతుంటే చూశాను. గుర్తు పెట్టుకున్నావేమో అనుకున్నా."

ఆయన రోజుల్లో ఫొటోలెక్కడివి! పీకే ముందు ఒక తీగకి దారం ముడివేసేవారట. మా చిన్నప్పుడు ఆయన టీవీ విప్పితే ఒక చెయ్యి ఎప్పుడూ జేబులో ఉండేది. నేను అది దర్జా అనుకునేవాణ్ని. పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులుంటాయి, రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందని అలా పెట్టుకునేవారని చాలా ఏళ్లకి తెలిసింది.

తీగలు మార్చాను. పెసరట్లు పదింబావుకి పడ్డాయి. ఉప్మా అప్పటికే గడ్డకట్టింది. ఎవరూ ఏమీ అనలేదు, అంటే బాగుండేది.

మధ్యాహ్నం కింది ఫ్లోర్ పిన్నిగారు పిలిచారు. ఫ్యాను మూలుగుతుంది గానీ తిరగదు, చీపురు కర్రతో తోస్తే తిరుగుతుంది. కర్రతో అని ఆవిడ చెప్పగానే, ఫ్యానుకి ఆ మొదటి తోపు ఇవ్వాల్సిన కెపాసిటర్‌ని సంచిలోంచి తీశాను. 2.5 ఎమ్ఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు) అని రాసున్న పాతదాన్ని మీటర్లో పెడితే 1.1 చూపించింది. మెయిన్ ఆపడం, రెండు వైర్లు, పది నిమిషాలు. ఆవిడ పెట్టిన సున్నుండకి ఎక్కువ టైము పట్టింది. ఇలాంటి పనుల వల్లే అపార్ట్‌మెంట్లో నాకు లేనిపోని పేరొచ్చింది.

ఆ పేరు నిజం కాదని చెప్పటానికి అన్నయ్య వాళ్ల ఇండక్షన్ స్టవ్వు చాలు. నెల నుంచి బాల్కనీలో ఉంది. సాయంత్రం మళ్లీ ముందేసుకున్నాను. మొదటిసారి విప్పినప్పుడు ఫ్యూజు గాజంతా నల్లగా అద్దంలా మెరిసిపోయి ఉంది. సన్నగా తీగ ఒక్కటే తెగితే అది ముసలితనం. గాజు నల్లబడిందంటే లోపల ఎవరో గట్టిగా షార్టయ్యారు. స్టవ్వులో పెద్ద కరెంటుని ఆడించే ట్రాన్సిస్టరు ఐజీబీటీ. దాని మూడు కాళ్లలో ఎక్కడ పెట్టినా మీటరు కుయ్యిమంది. బోర్డు మీద ఎండిన బొద్దింక ఒకటి. వెచ్చగా ఉంటుందని వాటికి ఆ స్టవ్వు లోపల కాపురం ఇష్టం. పోయిన నెల ట్రాన్సిస్టరూ ఫ్యూజూ మార్చి, సిరీస్ బోర్డు దింపటానికి బద్ధకించి గోడకి పెట్టాను. టప్‌మని ఒక్క క్షణంలో నూట ఎనభై రూపాయలు. ఇవాళ మళ్లీ కొత్త ట్రాన్సిస్టరు వేసి, బుద్ధిగా బల్బుతో పెట్టాను. ఒకసారి మెరిసి ఆరిపోవాల్సిన బల్బు వెలిగి అలాగే నిలబడింది. అంటే ట్రాన్సిస్టరుని నడిపించే బోర్డు కూడా పోయింది. సర్క్యూటు కాగితం ఎక్కడా దొరకదు. పాత టీవీలకి ఆ కాగితం కూడా పెట్టి ఇచ్చేవారు. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, పోర్టల్ కూడా తెరిచింది. మా అన్నయ్య స్టవ్వు దాకా ఎప్పుడొస్తుందో చూడాలి. మళ్లీ మూత బిగించి సజ్జ మీదకి ఎక్కించాను. పాత మిక్సీ ఇచ్చిన జాగా ఖాళీగానే ఉంది కదా.

పడుకునే ముందు నాన్న వంటింట్లోకి వచ్చి, మిక్సీ తిప్పమని, పక్కన అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. చెవితో వినలేనిది ఇప్పుడు చేత్తో వింటున్నారు. ఆపమన్నారు. కప్లర్ పట్టుకుని అటూ ఇటూ కదిపారు, నన్నూ కదపమన్నారు. పట్టీ పట్టనట్టు చిన్న ఆట తగిలింది.

"ఇరుసుని పట్టి ఉంచే కింది బుష్ పోతోంది. బ్రష్ ఒక్కటే అలా అరిగిపోవటానికి అదే కారణం. ఇరుసు ఒక పక్కకి కొట్టుకుంటోంది."

నేను ఒక బ్రష్ ఎందుకు బాగుందీ, ఒకటి ఎందుకు అరిగిందీ అని పొద్దున్నించీ ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బుష్ దగ్గర కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. రేపు ఆఫీసు నుంచి అటే కోఠీ వెళ్లి బుష్, రెండు జతల బ్రష్‌లు, పిన్నిగారికి వాడేసిన కెపాసిటర్ బదులు ఇంకోటి తేవాలి. అంతవరకూ దీన్ని ఎక్కువ తిప్పొద్దని వంటింట్లో చెబుదామని వెళ్తే, అమ్మ మినప్పప్పు నానబోస్తోంది. నాలుగు గ్లాసులు.

"గ్రైండర్లో వేస్తావా?"

"ఎందుకు? మిక్సీ బాగయిందన్నావుగా," అంది.