రాగి ఇంకా మా ఇంట్లోనే: 23వ వారం

ఆదివారం రాత్రి

రాగి మళ్ళీ కరిచింది. పెంచుకునేవాళ్ళు దొరికేదాకా నా దగ్గర ఉంచుకున్న వీధికుక్క అది. ఈసారి సంబంధం కుదిరినట్టే అనుకున్నాను, అందుకే ఇది రాస్తుంటే ఇంకా చెయ్యి వణుకుతోంది. తాడేపల్లి నుంచి వచ్చిన భార్యాభర్తలు. సొంత ఇల్లు, చిన్నపిల్లలు లేరు, ఇంతకుముందు ఒక వీధికుక్కని అది ముసలిదై పోయేదాకా పెంచారు. రాగి సంగతంతా ఫోన్‌లో గంటసేపు విన్నాక కూడా "వచ్చి చూస్తాం" అన్నవాళ్ళు. అలాంటివాళ్ళు దొరకడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు.

గుర్తున్నది గుర్తున్నట్టు ఇప్పుడే రాసేస్తున్నాను. సరిగ్గా 5 గంటలకు వచ్చారు. రాగికి మజిల్ (కరవకుండా మూతికి తొడిగే బుట్ట) వేసి, 3 మీటర్ల లీష్‌తో (పట్టుతాడుతో) దివాన్ పక్కన ఉంచాను. వాళ్ళు తలుపు దగ్గరి సోఫాలో కూర్చున్నారు. మధ్యలో 4 మీటర్లు. ఇద్దరూ దాని వైపు చూడలేదు, పిలవలేదు, చెయ్యి చాపలేదు. 12వ నిమిషానికి నేల మీద వేసిన లివర్ తినడం మొదలుపెట్టింది. 25వ నిమిషానికి వాళ్ళ కాళ్ళకి మీటరున్నర దూరం దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి పోయింది. 35వ నిమిషానికి ఒళ్ళు వదిలేసి పక్కకి వాలి పడుకుంది. అప్పుడు మజిల్ తీసి, లీష్ నేల మీద వదిలేశాను. ఆ తప్పు పూర్తిగా నాదే. మూడు వారాలుగా ఎవరి మీదికీ వెళ్ళలేదన్న ధీమాతో చేసిన పని అది.

52వ నిమిషంలో ఆయన లేచారు. సోఫా మీది హెల్మెట్ తీసుకుని, తలుపు వైపు తిరిగి రెండడుగులు వేశారు. రాగి ఒక్క ఉదుటున రెండున్నర మీటర్లు దూకి ఎడమ పిక్క పట్టుకుంది. గుర్రుమనలేదు, పళ్ళు చూపించలేదు. పట్టుకున్న క్షణంలోనే వదిలేసి దివాన్ కిందికి దూరిపోయింది. జీన్స్ ప్యాంటు మీంచే రెండు గాట్లు పడ్డాయి. కోరపన్ను పొడవులో సగం కూడా దిగలేదు కాబట్టి కుక్కకాటు తీవ్రతని కొలిచే డన్‌బార్ స్కేలులో ఇది లెవల్ 3. నా దగ్గరికి వచ్చాక ఇది మూడో కాటు, లెవల్ 3 మాత్రం మొదటిసారి. ముందు రెండింటిలో పళ్ళు తగిలాయి గానీ చర్మం తెగలేదు.

గడియారం చూసి మరీ 15 నిమిషాలు కుళాయి కింద సబ్బుతో కడిగించాను. రక్తం వచ్చింది కాబట్టి రేబీస్ ముప్పు లెక్కలో ఇది కేటగిరీ 3, అన్నిటికంటే తీవ్రమైనది. ప్రభుత్వాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ (రేబీస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీలు) వేసి, చర్మంలోకి ఇచ్చే టీకా మొదటి డోసు ఇచ్చారు. మిగతావి 3, 7, 28 రోజులకు. రాగికి రేబీస్ టీకా పడింది, కార్డు ఉంది. అయినా 10 రోజులు కట్టుదిట్టంగా గమనిస్తాను. టీకా వేసిన కుక్కే కదా అని ఎవరూ సూది మానొద్దు.

ఆవిడ వెళ్ళేటప్పుడు "దాని భయం దానిదమ్మా, కొట్టకు" అన్నారు. తీసుకెళ్ళలేమని కూడా అన్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

మంగళవారం

మిగతా సంగతులు: విరిగిన వెనక కాలు అతుక్కుంది, బరువు 16.4 కిలోలు, ఆటో ఎక్కుతోంది, గోళ్ళు తీయించుకుంటోంది.

మజిల్ గురించి మాత్రం ఇంకో మాట. అమ్మ దాన్ని చిక్కం అంటుంది, అది సరైన మాటే. ఎద్దుకి వేసే చిక్కంలాగే గాలి ఆడాలి, నోరు తెరుచుకోవాలి. మూతి చుట్టూ బిగించే నైలాన్ గుడ్డ మజిళ్ళు చవగ్గా దొరుకుతున్నాయని కొంటున్నారు. బెజవాడ ఎండల్లో అవి వద్దు. కుక్క నాలుక బయటపెట్టి ఎగపోసుకోవాలి, అదే దానికి చల్లబడే దారి. నాది బాస్కర్‌విల్ అల్ట్రా అనే బుట్ట మజిల్. వేడినీళ్ళలో ముంచి పక్కలు కొంచెం నొక్కితే మన ఇండీల (నాటు కుక్కల) సన్నటి మూతికి చక్కగా కుదిరింది. రాగి మూతి పొడవు 9 సెంటీమీటర్లు, చుట్టుకొలత 23. దాన్ని వేసుకుని తింటుంది, నీళ్ళు తాగుతుంది. ఇకమీదట బయటివాళ్ళు ఇంట్లో ఉన్నంతసేపూ మజిల్ తీసేది లేదు, అది గురకపెట్టి నిద్రపోయినా సరే.

గుర్రుమనకుండా కరవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. రెండో నెలలో ఒక ట్రైనర్‌ని పిలిచాను. గుర్రుమన్న ప్రతిసారీ మెడ పట్టి నేలకి అదిమి "నువ్వు బాస్ అని దానికి తెలియాలి" అన్నాడు. రెండు రోజులకే ఆపేయించాను, కానీ ఆ రెండు రోజుల్లోనే గుర్రుమనడం మానేసింది. భయం అలాగే ఉంది, హెచ్చరిక పోయింది. ఈ పద్ధతి మీద నా అభిప్రాయం ఎప్పటికీ మారదు. కుక్క గుర్రుమంటే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. అది మనకి చేస్తున్న సాయం.

రాగి భయం తగ్గడానికి పశువుల డాక్టర్ ఇచ్చిన మందు, ఫ్లూఒక్సెటీన్ 20 మిల్లీగ్రాములు, ఆరో వారంలో ఉంది. ఉలికిపాటు తగ్గింది, నిద్ర పెరిగింది. ఇది నాలుగైదు వారాలకు గానీ పనిచెయ్యదు, కాబట్టి పది రోజులకే "లాభం లేదు" అని ఆపేయొద్దు. మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

గురువారం

ఆదివారం వచ్చినాయన లేచి నిలబడ్డారు కాబట్టి కరిచిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. హెల్మెట్ మీద కూడా అనుమానం ఉంది. ఆటోనగర్‌లో అది ఇంతకుముందు ఉన్న లారీ షెడ్ దగ్గర దాని మీద ఏమేం విసిరారో తెలియదు కదా. ఊహలతో లాభం లేదని తమ్ముడి స్నేహితుణ్ణి పిలిచాను. రాగి అతన్ని ఇంతకుముందు రెండుసార్లే చూసింది. మజిల్ ఉంది, లీష్ కిటికీ ఊచకి కట్టి ఉంది, నేను పక్కన ఉన్నాను. అతను తలుపు వైపు గోడకి కుర్చీ వేసుకున్నాడు, సోఫా ఉన్న చోటే.

3 మీటర్ల దూరంలో దాని వైపు ముఖం పెట్టి లేవడం, పదిసార్లు. తొమ్మిదిసార్లు పట్టించుకోలేదు, ఒకసారి బెరుగ్గా పెదవి నాకింది. హెల్మెట్ పట్టుకుని లేవడం, ఐదుసార్లు. రెండుసార్లు చెవులు నిక్కబొడిచి రెండు సెకన్లు బిగుసుకుంది, అంతే. లేచి, ముఖం దాని వైపే ఉంచి వెనక్కి నడవడం, ఆరుసార్లు. ఆరుసార్లూ లివర్ తింటూనే ఉంది.

లేచి వీపు తిప్పి నడవడం. 4 మీటర్ల దూరంలో తినడం ఆపి చూసింది. 3 మీటర్లకి లేచి నిలబడింది. రెండున్నర మీటర్లకి ఐదింట్లో మూడుసార్లు లీష్ చివరిదాకా దూకింది. అక్కడితో ఆపేశాను. దూకడం కూడా అలవాటవుతుంది, దానికి ప్రాక్టీసు ఇవ్వకూడదు.

అంటే లేవడం కాదు, వీపు. పిరికి కుక్కలు వెనక నుంచి కరుస్తాయని చాలాసార్లు విన్నాను, నా సొంత లెక్కల్లో చూడటం వేరు. ఎదుటివాళ్ళ కళ్ళు తన మీద ఉన్నంతసేపూ దానికి ధైర్యం చాలదు. చూపు తప్పగానే ధైర్యం వస్తుంది. ఇంకోటి కూడా ఉందనుకుంటున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళు ఎలాగూ వెళ్ళిపోతారు. అది వెంటపడింది, వాళ్ళు వెళ్ళారు. దాని లెక్కలో వెంటపడటం పనిచేసినట్టే. ఐదు నెలలుగా నేను పిలిచిన ప్రతి అతిథీ దానికి ఆ పాఠమే నేర్పి ఉండొచ్చు. నా శ్రద్ధంతా మనుషులు లోపలికి రావడం మీదే పెట్టాను. వెళ్ళడం గురించి ఒక్క రోజు కూడా ఆలోచించలేదు.

శుక్రవారం రాత్రి

ఈ రోజు 40 నిమిషాలు పనిచేశాం, రెండు భాగాలుగా. అదే కుర్రాడు, అదే గది. రాగి మాత్రం మూడున్నర మీటర్ల దూరంలో. మెట్లు బాగా చిన్నవి చేశాను: తల మాత్రమే తిప్పడం, భుజాలు తిప్పడం, సగం తిరగడం, పూర్తిగా తిరగడం, ఒక అడుగు, రెండడుగులు. ప్రతి మెట్టుకీ అతను కదలగానే లివర్ ముక్క. అది ముక్క తింటే ముందుకి, ఆపితే వెనక్కి. నాకు ఇంతకంటే నమ్మకమైన కొలత దొరకలేదు. తోక, చెవులు మోసం చేస్తాయి, తిండి మోసం చెయ్యదు.

పూర్తిగా తిరగడం దాకా బాగానే వెళ్ళింది. ఒక అడుగు, బాగానే ఉంది. రెండో అడుగుకి ముక్క కాళ్ళ ముందు పడినా ముట్టలేదు. 11 సెకన్లు. మళ్ళీ చేస్తే 9. నెమ్మదిగా వెయ్యమంటే 12, ఇంకా ఘోరం. చెప్పుల చప్పుడేమో అని విప్పించాను, మార్పు లేదు. నేల మీద జంపఖానా పరిచాను, మార్పు లేదు. లీష్ కిటికీకి కాక నా చేతిలో ఉంటే 14 సెకన్లు. నేను ఊపిరి బిగపడుతున్నానని దానికి లీష్‌లోంచి తెలుస్తోందనుకుంటా, మళ్ళీ కిటికీకే కట్టాను.

అలసిపోయి "మంచినీళ్ళు తాగుదాం పద" అన్నాను. ఆ కుర్రాడు వంటింటి వైపు నడిచాడు. వీపు తిప్పి, మామూలుగా, ఆరడుగులు. రాగి తింటూనే ఉంది!

నీళ్ళు అక్కడే వదిలేసి మళ్ళీ చేయించాను. వంటింటి వైపు నాలుగుసార్లు, నాలుగుసార్లూ తిన్నది. వీధి తలుపు వైపు అయితే రెండో అడుగుకి ఆగిపోయింది. తలుపు మూసి ఉంచి చూస్తే మూడో అడుగు దాకా తిన్నది. బార్లా తీసి చూస్తే మొదటి అడుగుకే ఆపేసింది.

కాబట్టి వీపు ఒక్కటే కాదు, వీపూ తలుపూ కలిసి. ఎందుకో నాకు రెండు ఊహలున్నాయి. ఒకటి, పైన రాసిన "వెళ్ళగొట్టాను" అనే పాఠం ఇంట్లో తలుపు దగ్గరే జరిగింది కాబట్టి దానికి తలుపే గుర్తు. రెండోది, తలుపు తెరవగానే వీధిలోని బైకుల మోత లోపలికి వస్తుంది, భయం మీద భయం చేరుతుంది. రెండోది నిజమైతే తెల్లవారుజామున, వీధి నిద్రలేవకముందు చేస్తే తేడా కనిపించాలి. అది ఇంకా చూడలేదు.

ఈలోగా కాటు పడకుండా ఉండటానికి ఒక ఏర్పాటు చేశాను. ఎవరైనా లేవబోయే ముందు నాకు చెప్పాలి. "పద రాగీ" అని వంటింట్లోకి తీసుకెళ్ళి గుప్పెడు చికెన్ నేల మీద చల్లి తలుపు వేస్తాను. అది వెతుక్కుని తినేలోపు వాళ్ళు వెళ్ళిపోతారు. ఎనిమిదిసార్లలో ఎనిమిదిసార్లూ ప్రశాంతం. ఇది వైద్యం కాదని తెలుసు. కానీ తీసుకునేవాళ్ళు రోజూ చెయ్యగలిగిన పని ఇది, దీనికి కావలసింది తలుపున్న ఒక గది.

శనివారం

పక్కింటి పిన్నిగారు ప్రేమగానే అడిగారు, "తెచ్చిన చోటే వదిలెయ్యొచ్చు కదమ్మా?" అని. ఏబీసీ నియమాలు (వీధికుక్కల సంతాన నియంత్రణ నియమాలు) కూడా ఆపరేషన్ చేసిన వీధికుక్కని పట్టిన చోటే వదలాలంటాయి, ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా రాగి చెవి కొస కత్తిరించే ఉంది. కానీ 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలో దూకుడుగా ఉన్న కుక్కలకి అది వర్తించదని ఉంది. అది లేకపోయినా, కుంటికాలుతో లారీల మధ్యకి దాన్ని పంపలేను.

ప్రకటన తిరగరాశాను. మొదటి వాక్యం: "రాగి కరుస్తుంది." తర్వాత మూడు కాట్లూ తేదీలతో, లెవల్‌తో సహా. ముందు అందంగా రాసిన ప్రకటనకి 14 ఫోన్లు వచ్చాయి, దీనికి రెండే. కాటు విషయం దాచి ఇచ్చేయమని సలహా చెప్పేవాళ్ళకి నా జవాబు ఒకటే. తెలియకుండా తీసుకున్నవాళ్ళింట్లో మొదటి కాటుకే అది రోడ్డు మీదికి వస్తుంది. ఏ పాపం తెలియని మనిషి ఆసుపత్రికి వెళ్తాడు.

మొదటి ఫోన్ నూజివీడు దగ్గర మామిడితోటకి, కాపలాకి. గొలుసుతో కట్టేస్తారట. కుదరదన్నాను. భయపడే కుక్కకి పారిపోయే దారి కూడా లేకపోతే మిగిలేది పళ్ళే.

రెండో ఫోన్ గన్నవరం వైపు నుంచి, రిటైరైన టీచర్‌గారు. ఇంటికి ప్రహరీ ఉంది, మనవలు ఎండాకాలంలో మాత్రమే వస్తారు. మూడు కాట్ల గురించి చదివి, "మూడోదానికి ముందు ఎవరు ఎక్కడున్నారో బొమ్మ గీసి పంపమ్మా" అన్నారు. ఫోన్ పెట్టాక చాలాసేపు ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

10 రోజుల గమనింపు పూర్తయ్యేదాకా ఎవరినీ కలపను. ఆ తర్వాత మొదటిసారి కలిసేది మా ఇంట్లో కాదు, బందరు కాలువ గట్టు మీద, పొద్దున 5:30కి. అక్కడ తలుపు లేదు. 10 మీటర్ల ఎడంతో ఇద్దరం ఒకే దిక్కుకి నడుస్తాం, అది తింటూ ఉంటేనే ఎడం తగ్గిస్తాం. చివర్లో ఆవిడ అక్కడే నిలబడి ఉంటారు, రాగీ నేనూ ముందు వెళ్ళిపోతాం. అలా కనీసం ఆరుసార్లు. ఆవిడ సరేనన్నారు, మజిల్ ఎలా వెయ్యాలో ముందే నేర్పమన్నారు. రేపు పాత మజిల్‌కి పట్టీ కుట్టించి, బొమ్మతో పాటు పంపిస్తాను.