‘పొగ మీరే పెట్టుకుంటరు’ అన్న డాక్టర్ గారికి, మా ఊరోళ్ళకు కూడా

వరి కొయ్యలు కాల్చిన పొగకు దమ్మొచ్చి నేను దవాఖానకు పోతే అక్కడి డాక్టర్ ‘పొగ మీరే పెట్టుకుంటరు’ అన్నడు. దాని గురించి చాన రోజుల నుంచి రాయాలనుకుంటున్న. మొదట్ల రాద్దామని ఫోన్ పట్టుకుంటే ఆ రాత్రి యాదికొచ్చి చెయ్యి ఆడకపోయేది. ఇప్పుడు మందు సరిగ్గ పడ్డది, మిర్చి చేన్ల పొద్దందాక వంగి ఏరినా ఆయాసం వస్తలేదు, అందుకే రాస్తున్న.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. మహారాష్ట్రనే గాని ఇంట్ల తెలుగే, పెండ్లిళ్ళు పేరంటాలు అన్నీ చెన్నూరు, మహదేవ్‌పూర్ దిక్కే. ఒక దిక్కు ప్రాణహిత, ఒక దిక్కు గోదావరి. నేను మరాఠీ బడిల చదువుకున్న, తెలుగు రాసుడు పెండ్లయినంక మా ఆడబిడ్డ దగ్గర నేర్చుకున్న, అందుకే మాట్లాడినట్టే రాస్తున్న.

దగ్గు అంతకు ముందు ఏడాది నుంచే ఉండె. ఎక్స్‌రే తీసిర్రు, తెమడ పరీక్ష చేసిర్రు, టీబీ కాదన్నరు, దగ్గు సీసా ఇచ్చిర్రు, తగ్గింది, మళ్ళ వచ్చింది. అవన్నీ రాస్తే ఒడువది. మా దిక్కు పొగ లేని కాలమే తక్కువ. వానకాలం వడ్లు కోసినంక నవంబర్ డిసెంబర్ల వరి కొయ్యలకు అగ్గి, ఆ తర్వాత పత్తి కట్టెకు అగ్గి, ఎండకాలం వస్తే ఇప్పపువ్వు ఏరెటందుకు చెట్ల కింద ఆకులకు అగ్గి, తునికాకు చిగురు మంచిగ రావాలని అడవికి అగ్గి. అందరం ఆ పొగలనే పుట్టి పెరిగినం, దానితోటి మనిషి పానం పోతదని ఎవ్వరికీ అనిపియ్యలే.

ఆ రోజు డిసెంబర్ల మాపటిజాము, పక్క చేను మామ హార్వెస్టర్‌తోటి కోసిన మడికి అగ్గి పెట్టిండు. ఆయనొక్కడే కాదు, ఆ వారం అటిటు అందరు పెట్టిర్రు. చలికాలం రాత్రి నేల దగ్గర గాలి చల్లగ ఉంటది, దాని మీది గాలి వెచ్చగ ఉంటది, అందుకే పొగ పైకి పోక ఇండ్ల మధ్యనే ఉండిపోతదని తర్వాత ఛాతి డాక్టర్ చెప్పిండు. మాకు అప్పుడు అదంతా ఏం తెలుసు. తలుపులు పెట్టుకొని పండుకున్నం, పొగ పెంకుల సందులకెళ్ళి లోపటికే వచ్చింది.

నడిరాత్రి మెలకువ వచ్చేసరికి ఛాతిల పిల్లికూతలు. లేచి కూసున్న. తడిసిన గోనెసంచి మూతికి కట్టి గాలి పీల్చుకోమన్నట్టు ఉన్నది, లోపటికి పోయేది పోతలేదు, పోయింది బయటికి వస్తలేదు. నులక మంచం పట్టె పట్టుకొని ముందుకు వంగి కూసున్న. మా ఆయన వీపు రాస్తున్నడు. మా అత్త బొగ్గుల పెంక తెచ్చి దాని మీద వాము ఏసి ‘ఇంత పొగ పట్టుకో బిడ్డా, దమ్ము దిగుతది’ అని నా మూతి దగ్గర పెట్టింది. ఆమె ప్రేమతోనే చేసింది, నాకు తెలుసు, కానీ ఆ పొగ ముక్కుల పడంగనే ఉన్న కొంచెం ఊపిరి కూడా ఆగినట్టయింది, చేత్తోటి నూకేసిన, నిప్పులు కిందపడి ఆమె చీర అంచు కాలింది. ఆమె నిప్పులు తొక్కుకుంట ఏడుస్తున్నది. లైటు వెలుతురుకు నా గోర్లు చూసుకుంటే నీలంగ అయినయి. నా బిడ్డ గోడకు ఒరిగి చూస్తున్నది, నోరు తెరిచి అరుస్తలేదు, ఊరికెనే చూస్తున్నది. దానికి ఒక్క మాట చెప్పాలనుకున్న, బీరువ తాళంచెవి బియ్యం డబ్బల ఉన్నదని. సచ్చిపోతున్ననని నాకు ఖాయం అయింది, అందుకే ఆ మాట. అది కూడ నోట్లకెళ్ళి రాలే.

మా వాడల అంత రాత్రి బండి తీసెటోడు మామనే. ఆయన బొలెరోనే. మా ఆయన పోయి తలుపు కొడితే అంగి కూడ ఏసుకోకుండ వచ్చిండు, ఆయన చేతులకు ఇంకా బూడిద ఉన్నది, ఆ బూడిద చేతులతోనే నన్ను ఎత్తి సీట్ల కూసోబెట్టిండు. ఈ మనిషి మీద కోపం చెయ్యాల్నా దండం పెట్టాల్నా నాకు ఇప్పటికీ తెలుస్తలేదు, రెండూ ఉన్నయి.

తాలూకా దవాఖానల ఒక్క సిస్టరే ఉన్నది, మరాఠీ ఆమె. వేలుకు మిషన్ పెట్టి చూసింది, ఒంట్ల ఆక్సిజన్ 82 చూపెట్టింది. ‘తాయి, ఘాబరు నకా’ (అక్కా, భయపడకు) అనుకుంటనే ఆక్సిజన్ పెట్టింది, నెబులైజర్ పెట్టింది, సూది ఇచ్చింది, 108కు ఫోన్ చేసింది. నా చెయ్యి మాత్రం ఇడువలే. ఆమె పేరు కూడ అడగలేకపోయిన, ఆ తల్లి ఏడ ఉన్నా సల్లగ ఉండాలె.

గడ్చిరోలి మా జిల్లా కేంద్రమే గాని రెండు వందల కిలోమీటర్లు దాటుతది, అల్లాపల్లి అడవి రోడ్డు. దానికంటే వరంగలే దగ్గరైతది. అందుకే మా దిక్కు పానం మీదికొస్తే ఎవరైనా గోదావరి వంతెన దాటుడే. వంతెన మీద బండి పోతుంటే కాళేశ్వరం దిక్కు తల తిప్పి ముక్తీశ్వర స్వామికి మొక్కిన. ఒక్క పానవట్టం మీద రెండు లింగాలున్న సామి, యముడు ముక్తీశ్వరుడు ఇద్దరూ ఆడనే ఉన్నరు. ఇప్పుడే వద్దు సామీ, బిడ్డ చిన్నది అని మొక్కిన. ఆయన విన్నడనే నమ్ముతున్న.

ఇగ ఆ దవాఖాన. పేరు రాయను. తెల్లారకముందే పోయినం, స్ట్రెచర్ మీద ఉన్న, మాస్క్ మార్చుతున్నరు. డ్యూటీ డాక్టర్ వచ్చి కాయితం చూసి ‘ఎన్ని బీడీలు తాగుతవమ్మా’ అన్నడు. నేను తల అడ్డం ఊపిన. ‘మీ పల్లెటూరోళ్ళంత ఇట్లనే చెప్తరు’ అన్నడు. మా ఆయన, లేదు సార్ పొలాల పొగకు అయిందని చెప్తే, ఆయన నవ్వి ‘పొగ మీరే పెట్టుకుంటరు, మళ్ళ మీరే వచ్చి మా మీద పడుతరు’ అన్నడు. మందులు సరిగ్గనే రాసిండు, ఆ మాట కూడ చెప్పాలె, ఆయన రాసిన సూదులతోనే నేను ఆ పొద్దు గట్టెక్కిన. కానీ ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుతనే ఉన్నది.

డాక్టర్ గారూ, మేము మా మడికి అగ్గి పెట్టలే. మా గడ్డి మా బర్రెలకే సరిపోదు. పెట్టినోళ్ళు కూడ సరదాకు పెట్టలే. కొడవండ్లతోటి కోసిన రోజుల్ల మోపులు కట్టి గడ్డివాము పెట్టుకునేది, కొయ్య జానెడు కూడ మిగలకపోయేది. ఇప్పుడు కూలీలు దొరుకరు, హార్వెస్టర్ మోకాలెత్తు కొయ్య ఇడిచిపెడుతది, గడ్డి అంత చెదరగొడుతది. ఇంట్ల పశువులు లేవు. వెంటనే మక్క పెట్టాలె, లేకపోతే అదును పోతది. అగ్గిపుల్ల రూపాయి, కూలి వేలు. పానం పోయే మనిషిని స్ట్రెచర్ మీద పెట్టుకొని అడిగే ముచ్చట కాదది.

రెండు రోజులకు ఛాతి డాక్టర్ చూసిండు. పెద్దాయన, నిమ్మలంగ మాట్లాడిండు. మిషన్ల ఊదే టెస్ట్ చేపిచ్చి ఉబ్బసం అన్నడు. పెద్ద వయసుల కూడ వస్తదట. పొగల ఉండే సన్నటి ధూళి, మన ఎంటికె కంటే చాన సన్నం, ఊపిరి గొట్టాల దాక పోతది, అవి వాస్తయి, చుట్టున్న కండరం బిగుసుకుంటది, అదే ఆ కూత. రెండు ఇన్హేలర్లు, అంటే మందు పీల్చుకునే పంపులు రాసిండు, ఒకటి పొద్దుమాపు తప్పకుండ తీసుకునేది, ఒకటి అర్జెంట్‌కు. పైసల సంగతి ఏం చెప్పాలె, మాది మహారాష్ట్ర రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ మాకు వర్తించది, ఆ ఏటి వడ్ల పైసలు అటునుంచటే పోయినయి.

ఇంటికొచ్చినంక అసలు బాధ మొదలైంది. ‘పంపు పెట్టుకుంటివా, ఇగ జీవితాంతం ఇడువది’ అని చూడవచ్చిన ప్రతి ఒక్కరు అన్నరు. మృగశిర కార్తెకు హైదరాబాద్ పోయి చేపమందు మింగుమన్నరు. మొక్కు మొక్కుకొండ్రి, నేనూ మొక్కిన, కానీ డాక్టర్ రాసిన పంపు మాత్రం బంద్ చెయ్యకండ్రి. పంపుల మందు చిన్న మోతాదు, సక్కగ ఊపిరితిత్తులకే పోతది. ప్లాస్టిక్ గొట్టం స్పేసర్ పెట్టుకొని పీల్చుకుంటే ఇంకా మంచిగ పోతది, రోజూ తీసుకునే దాని తర్వాత నోరు పుక్కిలించి ఊంచాలె, లేకపోతే నోట్ల తెల్లగ పూస్తది. మంచిగున్నదని మానేస్తే మళ్ళ మొదటికొస్తది. మాట తెగిపోతున్నా, పెదవులు గోర్లు నీలం అవుతున్నా కషాయం కాస్తూ కూసోకండ్రి, బండి తీయండ్రి.

మామ ఒకనాడు బత్తాయిలు పట్టుకొని వచ్చిండు. చానసేపు ఏం మాట్లాడలే. తర్వాత ‘నా అగ్గితోనే అయిందంటవా బిడ్డా’ అన్నడు. నీ ఒక్కని అగ్గితోని కాదు మామా, కానీ నీది కూడ ఉన్నది అన్న. తల వంచుకున్నడు. నేను ఆయనకు పానం లెక్క చెప్పలే, పంట లెక్క చెప్పిన. పండుకొని ఉన్నప్పుడు ఫోన్ల చదివిన లెక్క. టన్ను వరిగడ్డిల దగ్గర దగ్గర 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటదట, కాలిస్తే నత్రజని దాదాపు అంత పోతదట, మిగతాయి కొంత కొంత పోతయట.  మన చేతులతోటి ఎరువు కాలవెట్టి, మళ్ళ దుకాణంల లైన్ కట్టి కొంటున్నం మామా అన్న. దానికి ఆయన తలెత్తిండు.

పంజాబ్, హర్యానా దిక్కు కొయ్యలు కాల్చొద్దని హరిత ట్రిబ్యునల్ 2015లనే ఆర్డర్ ఇచ్చింది, 2024 నవంబర్‌ల జరిమానా డబల్ చేసిర్రు, ఐదెకరాలు దాటితే 30,000. అక్కడి పొగ ఢిల్లీకి పోతది కాబట్టి దేశమంత చూస్తది. సిరోంచ పొగ ఎవరి ఇంటికి పోతది, మా ఇండ్లకే. జరిమానా ఏయమని నేను అడుగుత లేను, పేదోని మీద జరిమానా ఏస్తే వాడు రాత్రిపూట కాలుస్తడు, ఇంకా అన్యాయం. మిషన్ ఇయ్యండ్రి. గడ్డి కట్టలు కట్టే మిషన్ హార్వెస్టర్ ఎనుకనే వస్తే మడి సాఫ్ అయితది, గడ్డికి పైసలు కూడ వస్తయి. అది దొరకకపోతే ఎకరానికి ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్ళు పెట్టి రోటవేటర్ కొట్టిస్తే కొయ్యలు మురిగి ఎరువైతయి, కొద్ది రోజులు ఓపిక పట్టాలె అంతే.

మామ ఈ పంటకు కట్టల మిషన్ మాట్లాడిండు, గోదావరి అవుతలికెళ్ళి వస్తదట, బర్రెలున్నోళ్ళు గడ్డి కొంటమన్నరట. మాకు అటు పక్క చేనాయన ఇంకా ఒప్పుకోలే, ఆయనకు అదును పోతదని భయం. ఆదివారం మా ఆయన, మామ ఇద్దరు పోయి మాట్లాడుతమన్నరు, నేను కూడ పోత.