ముసుగు కింద ముఖం

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం ఎప్పటిలాగే ముసుగు రెబెకా అనే పాలరాతి శిల్పం చుట్టూ మూగారు. ఒక చిన్నపిల్ల తల్లి చెయ్యి లాగి, "అమ్మా, లోపల ఇంకో ముఖం ఉందా?" అని అడిగింది. శిల్పం గొప్పదా, చిత్రం గొప్పదా అనే పాత తగువులో ముందు తేల్చుకోవాల్సింది అదే.

లోపల ఇంకో ముఖం లేదు. ఆ మందాన పాలరాయిలోంచి ఏదీ కనబడదు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ బొమ్మను హైదరాబాద్ దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పల్చని బట్ట అనే భ్రమ అంతా ఎత్తుపల్లాల లెక్కే. గుడ్డ ఒంటికి అంటుకునే చోట్ల, అంటే నుదురు, ముక్కుదూలం, చెంప ఎముక మీద, మడత పెట్టకూడదు, నున్నగా వదిలెయ్యాలి. అక్కణ్ణుంచి సన్నటి గీతల్లా మడతలు బయల్దేరి, గుడ్డ గాలిలో తేలే చోట లోతవ్వాలి. కంటి గుంటని పూర్తిగా తవ్వితే గుడ్డ పోతుంది, తవ్వకపోతే కన్ను పోతుంది. ఆ మధ్య లోతు పట్టుకోవడమే పనితనం. మడతలన్నీ ఒకే లోతున చెక్కితే అది ముసుగు కాదు, ముడతలు పడ్డ ముఖం. ఒక పెచ్చు ఎక్కువ లేచిపోతే మళ్లీ అతికేది లేదు, చుట్టూ ఉన్నదంతా దించుకుంటూ రావాల్సిందే.

ఇదే ముసుగు ఆయిల్ పెయింట్‌లో వేరే దారిన వస్తుంది. ముందు ముఖం పూర్తిగా వేసి ఆరనివ్వాలి, పల్చటి పూతకైనా కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత పొడిబారిన కుంచెతో కొంచెం తెలుపు తీసుకుని పైపైన రుద్దాలి. గుడ్డ రెండు మడతలైన చోట తెలుపు రెట్టింపు, ఒక్క పొర ఉన్న చోట దాదాపు ఏమీ లేదు. అంతటా ఒకే తీరున రుద్దితే ముసుగు బదులు పొగమంచు వస్తుంది. కింది రంగు ఆరకముందే తొందరపడితే చర్మం రంగూ తెలుపూ కలిసి బురదవుతాయి.

చిత్రకారుడు వెలుగుని బొమ్మలోనే పెట్టేసుకుంటాడు. శిల్పికి ఆ వీల్లేదు, వెలుగు బయటినుంచి రావాలి. రెబెకా మీద వెలుగు ముందునుంచి నేరుగా పడితే సగం మడతలు మాయమవుతాయి. పక్కకి రెండడుగులు వేసి చూడాలి.

రెబెకా అంటే తెలుగు బైబిల్లో రిబ్కా. పొలంలో ఎదురొస్తున్నది తనను చేసుకోబోయే ఇస్సాకేనని తెలిసి ముసుగు వేసుకుంటుంది. చిత్రమైతే ఒంటెలు, పొలం, సాయంకాలం, దూరాన ఇస్సాకు అన్నీ ఇమిడిపోతాయి. శిల్పం వాటన్నిటినీ వదిలేసి ఒక్క సిగ్గునే ఉంచుకుంది. ఒక్క మనిషిలో ఒక్క భావం చెప్పాలంటే శిల్పానిదే పైచేయి అనిపిస్తుంది నాకు. నలుగురి మధ్య జరిగేది, గాలి, దూరం చెప్పాలంటే చిత్రమే.

కంటిచూపు దగ్గర మాత్రం రాయి చాలా కష్టపడాలి. మట్టితో నిలువెత్తు మనిషి తల చేసేటప్పుడు ముందు సుమారు 24 మిల్లీమీటర్ల గుండ్రటి ఉండ పెట్టి, దాని మీద రెప్పల్ని పట్టీల్లా కప్పాలి. కొత్తవాళ్లు ముఖం మీదే చేప ఆకారం గీస్తారు, అందుకే ఆ కన్ను బల్లపరుపుగా ఉంటుంది. నల్లగుడ్డుకి రంగు లేదు కాబట్టి గుంట తవ్వి నీడనే నలుపు చెయ్యాలి. ఫ్రెంచ్ శిల్పి ఊదాన్ ఆ గుంట అంచున చిన్న రాతి పలుకు వదిలేవాడు. వెలుగు దాని మీద పడి కంట్లో మెరుపవుతుంది. చిత్రంలో అదే మెరుపు ఒక్క తెల్లచుక్క!

అదే మ్యూజియంలో, గెటే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫెలిస్, అమాయకపు అమ్మాయి మార్గరెటాల జంట చెక్కబొమ్మ ముందు ఇంకాసేపు గడిచింది. ఒకే దుంగలో ముందువైపు పొగరు, వెనకవైపు తల వంచిన అమ్మాయి. వెనక అద్దం ఉంది కాబట్టి రెండూ ఒకేసారి కనిపిస్తాయి. చిత్రంగా అనిపించేదేమంటే, అతను మన ముందు నిండు శిల్పంగా నిలబడితే ఆమె మాత్రం అద్దపు చట్రంలో చిత్రంలా కనిపిస్తుంది. అందుకేనేమో, ఆమె మరింత దూరంగా, అందకుండా ఉంటుంది.

తిరుగుదారి ధూల్‌పేట మీదుగా. చవితి దగ్గరపడింది. షెడ్లలో ప్లాస్టర్ వినాయకులు ఇంకా తెల్లగానే ఉన్నారు. రంగు లేకపోయినా తొండం వంపు, బొజ్జ బరువు అప్పుడే మాట్లాడుతున్నాయి. కళ్లు మాత్రం చెక్కరు, ఆఖరున కుంచెతో తీరుస్తారు. అచ్చులోంచి తీసిన ప్లాస్టర్‌లో తడి పూర్తిగా పోకుండా రంగు వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. ఈ ముసురులో ఆరదు. పనివాళ్లు కళ్ల రంగులు మూతపెట్టి పక్కన పెట్టేశారు.