ఏడవని పాప

దత్తత అనగానే అందరూ కాగితాల గురించే అడుగుతారు. మా ఇంటినీ మమ్మల్నీ పరిశీలించే హోమ్ స్టడీ, అమెరికా ప్రభుత్వానికి పెట్టుకునే ఐ-800ఏ దరఖాస్తు, భారత ప్రభుత్వ దత్తత సంస్థ కారా అనుమతి, జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వు, దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం కింద ఇచ్చే ధ్రువపత్రం, ఢిల్లీలో వీసా. ఓపిక పడితే అవన్నీ ఏదో ఒకనాటికి తెమిలే పనులే. తెలంగాణలోని ఒక శిశుగృహ నుంచి 14 నెలల పాపను తీసుకుని డాలస్‌లో మా ఇంటికి చేరాకే అసలు పని మొదలైంది.

మా పాప ఏడ్చేది కాదు. చూడవచ్చినవాళ్లు "ఎంత బుద్ధిమంతురాలో!" అని మురిసిపోయారు. అర్ధరాత్రి దాటాక వెళ్లి చూస్తే కళ్లు తెరుచుకుని, తల అటూ ఇటూ ఆడించుకుంటూ పడుకుని ఉండేది. ఇండియాలో అది పట్టపగలు కదా. ఎంతసేపటి నుంచి మేలుకుని ఉందో మాకు తెలిసేది కాదు. ఆకలేసినా, పక్క తడిసినా అంతే. ఒక ఆయమ్మ అంతమంది పసివాళ్లను చూసుకునేచోట ఏడ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు రావడం కుదరదు, అది ఎవరి తప్పూ కాదు. పాలసీసా చూపిస్తే రెండు చేతులా లాక్కుని, ముఖం గోడవైపు తిప్పుకుని, గటగటా తాగేసేది. సీసా నేను పట్టుకుంటానంటే ఒళ్లంతా బిగదీసుకునేది.

కొన్ని వారాలపాటు పాలు, అన్నం, స్నానం, నిద్ర అన్నీ మా ఇద్దరి చేతుల మీదుగానే జరగాలని సోషల్ వర్కర్ చెప్పారు. ఎవరు చేతులు చాపినా వెళ్లిపోయే బిడ్డకు తనవాళ్లెవరో తెలిసేది అలాగేనట. బాగానే ఉంది. మనవరాలి కోసం గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మకు ఆ మాట చెప్పడం ఎలా? నెయ్యి వేసి మెత్తగా పిసికిన పప్పన్నం గిన్నెతో నిలబడి, "నేను తినిపిస్తే పిల్ల అరిగిపోతుందా?" అంది. కొన్నాళ్లు మాటల్లేవు. చివరికి వంట ఆవిడది, ముద్ద మాది అని రాజీ కుదిరింది. చుట్టపక్కాలకు మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాం, చూడండి, ఎత్తుకోకండి అని. కొందరికి కోపం వచ్చింది. రానివ్వండి.

పిల్లల డాక్టరు హెపటైటిస్ బి, హెచ్ఐవీ, క్షయ, రక్తంలో సీసం, మలపరీక్ష అన్నీ మళ్లీ చేయించారు. రక్తహీనత ఒక్కటే బయటపడింది, ఐరన్ చుక్కలు రాశారు. మన దగ్గర 9 నెలలకు వేసే తట్టు టీకా ఏడాది నిండకముందు వేసినది కాబట్టి ఇక్కడ లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాం. భుజం మీది బీసీజీ (క్షయ టీకా) మచ్చ చూసి నర్సు ఇదేమిటని అడిగితే, నా చొక్కా చెయ్యి పైకి మడిచి నాదీ చూపించాను.

పౌరసత్వానికి శ్రమే లేదు. దత్తత స్వదేశంలోనే పూర్తయిన పిల్లలకు ఇచ్చే ఐహెచ్-3 వీసా కాబట్టి విమానాశ్రయంలో అధికారి లోపలికి అనుమతించగానే పాప అమెరికా పౌరురాలైపోయింది. నాకు ఆ హోదా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తలచుకుంటే నవ్వొచ్చింది. సెలవు సంగతి అంత సులువు కాదు. అమెరికా కేంద్ర చట్టం దత్తతకు కూడా 12 వారాలు ఇస్తుంది, జీతం ఇమ్మనదు. నేనూ నా భార్యా వంతులవారీగా వాడుకున్నాం.

ఒక రాత్రి దవడపన్ను పొడుచుకొస్తోంది కాబోలు, పాప ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. ఇద్దరం ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తాం. ఎత్తుకుంటే తగ్గించలేదు సరికదా, నా మెడ పట్టుకుని ఇంకా పెంచింది. పక్కగదిలోంచి "ఏమైందిరా?" అంది అమ్మ. "ఏడుస్తోందమ్మా!" అన్నాను, పరీక్ష పాసైనవాడిలా.

ఆ తర్వాత ఆపడం మావల్ల కాలేదు. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట రాగం.

కారాకు మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి నివేదిక వెళ్లాలి. ఈసారి నివేదిక కోసం వచ్చిన సోషల్ వర్కర్ చేతులు చాపితే పాప నా కాళ్ల వెనక దాక్కుని గుక్కపట్టింది. ఆమె సంతోషంగా రాసుకున్నారు. ఇంటికొచ్చిన మనిషి దగ్గర ఇదేం పెంపకమని గొణుక్కుంటూ అమ్మ కాఫీ పెట్టడానికి లేచింది.